బెన్ నెవిస్ మీద మా బావగారు

సినిమా పాటలో కొండ ఎంత మెత్తగా వుంటుందో! హీరో చెయ్యి చాపుతాడు, హీరోయిన్ పమిట గాలికి ఎగురుతుంది. వెనకాల పచ్చటి కొండ, దాని నెత్తిన తెల్లటి మబ్బు. రెండు చరణాలు అయ్యేసరికి ఇద్దరూ శిఖరం మీద వుంటారు. చెమట పట్టదు, ఆయాసం రాదు. ఆ కొండ ఎక్కితే మోకాళ్ళు ఏమంటాయో, ఆ మబ్బులోపల ఏముంటుందో ఏ కెమేరామేనూ ఇంతవరకూ మనకి చూపించలేదు.

నేను స్కాట్లండ్ వెళ్ళింది లొకేషన్లు చూద్దామనే. 1998లో వచ్చిన 'కుచ్ కుచ్ హోతా హై' టైటిల్ సాంగులో నీళ్ళ మధ్య నిలబడ్డ ఆ పాతకోట, ఆ లోయలు మీకు గుర్తుండే వుంటాయి. కోట పేరు ఐలన్ డోనన్. లోయ గ్లెన్‌కో. 'బ్రేవ్‌హార్ట్'లో వల్లెస్ పల్లెటూరు సెట్టు వేసింది గ్లెన్ నెవిస్‌లో. 'స్కైఫాల్'లో జేమ్స్ బాండ్ కారు ఆపి దిగాలుగా చూసే లోయ గ్లెన్ ఇటివ్. ఇవన్నీ ఒక వారంలో చుట్టబెట్టి వచ్చి పాఠకులకి కబుర్లు చెప్పాలని నా ప్లాను.

అయితే ప్రోగ్రాం వేసింది మాత్రం మా బావగారు!

బావగారూ, మా అక్కా ముప్ఫయ్యేళ్ళకి పైగా గ్లాస్గోలోనే వుంటున్నారు. ఆయన డాక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం ఆయన గుండెకే స్టెంటు పడింది. అప్పట్నించీ ఆయనకి ఒకటే పట్టుదల: బ్రిటిష్ దీవుల్లో అన్నిటికంటే ఎత్తయిన కొండ బెన్ నెవిస్ ఎక్కి చూపించాలని. ఎవరికి చూపించాలో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

"ఎంతనుకుంటున్నావోయ్? 1,345 మీటర్లు. మన తిరుమల అంతకంటే బాగా తక్కువే. ఆ వయసులో మీ తాతగారు అలిపిరి నుంచి నడిచే వెళ్ళేవారు కదా" అన్నారు నాతో, కారు తోలుతూ.

తాతగారికి స్టెంటు లేదని నోటిదాకా వచ్చింది. వెనక సీట్లోంచి అక్క నా భుజం నొక్కింది. వూరుకున్నాను.

గ్లాస్గో నుంచి లోమండ్ సరస్సు పక్కనే రోడ్డు. అది దాటి, చెట్టూ చేమా లేని ర్యానొక్ బురదనేలలు దాటితే ఒక్కసారిగా గ్లెన్‌కో మనమీద పడుతుంది. మీద పడుతుంది అనే అనాలి. రెండువేపులా కొండలు గోడల్లా లేచి నిలబడ్డాయి. వాటిలో పక్కపక్కనే వున్న మూడింటిని 'ముగ్గురక్కచెల్లెళ్ళు' అంటారు. 1692 ఫిబ్రవరిలో ఇంట్లో అతిథులుగా వుంటున్న సైనికులే తెల్లవారుజామున లేచి మెక్‌డొనాల్డ్ వంశం వాళ్ళని 38 మందిని చంపిన చోటు ఇది. తిండి పెట్టిన చేతుల్ని నరికేరని అక్కడి వాళ్ళు మూడు వందల ఏళ్ళు దాటినా మరిచిపోలేదు. ఇంత నెత్తురు కథ వున్నచోట మనవాళ్ళు డ్యూయెట్ తీసేరు. తప్పని కాదు, చూడ్డానికి అంత అందంగానూ వుంది మరి. వాన, ఎండ, మళ్ళీ వాన... పది నిమిషాల్లో లైటింగు నాలుగుసార్లు మారింది. మన అవుట్‌డోర్ యూనిట్లు కంటిన్యూటీ ఎల్లా కలుపుకున్నాయో!

ఫోర్ట్ విలియం చిన్న వూరు. ఒకటే ప్రధాన వీధి. దాని చివర బెంచీ మీద ఒక కంచు మనిషి కూర్చుని అరికాలు పిసుక్కుంటూ వుంటాడు. గ్లాస్గో శివార్లలోని మిల్‌గై నుంచి ఇక్కడికి 154 కిలోమీటర్ల నడకదారి వుంది. పేరు వెస్ట్ హైలండ్ వే, 1980లో తెరిచారు. అది నడిచి వచ్చిన వాళ్ళు ఈ కంచు మనిషి పక్కన కూలబడి ఫోటో తీయించుకుంటారు. మేం వెళ్ళేసరికి ఇద్దరు ఆడపిల్లలు బూట్లు విప్పి బొబ్బలు చూసుకుంటున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

అక్కడికి దగ్గర్లోనే కంచుతో చేసిన పాత ఫోర్డు కారు కూడా వుంది. 1911లో హెన్రీ అలెగ్జాండర్ అనే ఆయన మోడల్ టి కారుని రాళ్ళమీదా బురదలోనూ నానా తంటాలు పడి బెన్ నెవిస్ శిఖరానికి ఎక్కించాడు. కారు అమ్ముకోవడానికి పబ్లిసిటీ! మన సినిమా పోస్టరు వాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ఈ వూరికి కొండంటే అల్లాంటి పిచ్చి. పిచ్చికి మూలపురుషుడు ఎవరనుకున్నారు? ఒక మంగలి. పేరు విలియం స్వాన్. 1895 సెప్టెంబర్‌లో పోస్టాఫీసు దగ్గర బయల్దేరి శిఖరం ముట్టుకుని 2 గంటల 41 నిమిషాల్లో తిరిగొచ్చాడు. మామూలు మనిషికి పోను రాను ఏడెనిమిది గంటల పని అది. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ మొదటి శనివారం బెన్ నెవిస్ పరుగు పందెం జరుగుతుంది, 14 కిలోమీటర్లు. 1984లో కెన్నీ స్టువర్ట్ అనే ఆయన 1 గంట 25 నిమిషాల 34 సెకన్లలో ఎక్కి దిగాడు. ఆ రికార్డు మీద దశాబ్దాలు గడిచాయి. ఆడవాళ్ళని మొదట్లో రానిచ్చేవారు కాదు. 1955లో కాథ్లీన్ కొనోకీ అనే పదహారేళ్ళ పిల్ల, అధికారులు ఒప్పుకోకపోయినా, మగవాళ్ళు బయల్దేరిన తర్వాత తానూ బయల్దేరి 3 గంటల 2 నిమిషాల్లో పూర్తిచేసింది. ఈ కథకి మంచి హీరోయిన్ దొరికితే వెండితెర మీద ఎంత బాగుంటుంది!

మొదటి రెండ్రోజులూ తేలిక నడకలే. గ్లెన్ నెవిస్ చివర స్టీల్ జలపాతం వుంది, 120 మీటర్ల ధార. అక్కడికి పోవాలంటే ఒక ఏరు దాటాలి. వంతెన మూడు ఇనప తాళ్ళు, అంతే. ఒకటి కాళ్ళకింద, రెండు చేతులకి. సర్కస్‌లో అమ్మాయిలు గొడుగు పట్టుకుని నడుస్తారే, అల్లా. ఐదారేళ్ళ బుడతడొకడు గబగబా దాటేశాడు. వాళ్ళ నాన్న వెనకాల. నేను సగం దూరం వెళ్ళి తాడు వూగడంతో అక్కడే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడు మిడ్జీలు వచ్చేయి. ఆవగింజలో సగం వుండే పురుగు, మన దోమకి మునిమనవడు. ఒకటి కుడితే లెక్కలేదు. అవి వేలకి వేలు వస్తాయి, గాలి లేనప్పుడే వస్తాయి, మన రెండు చేతులూ తాళ్ళమీద వున్నప్పుడే వస్తాయి. గట్టుమీద బావగారు, అక్కా నా డాన్సు చూసి కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వేరు. అంతకుముందు రెండ్రోజులుగా వాళ్ళిద్దరూ అట్లా కలిసి నవ్వడం నేను చూడలేదు.

ఆ సాయంత్రమే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరే, ఆయన రేపు కొండకి బయల్దేరతారు. నేనొద్దంటే ఇంకా పంతం. నువ్వు కూడా వెళ్ళు. సగం దారిలో చెరువుందిట. అక్కడిదాకా సరే. ఆ పైన పోనిచ్చేవో, నామీద ఒట్టే."

సరేనన్నాను. అక్క ఒట్టు పెట్టడం నేను పదో క్లాసు చదివినప్పట్నించీ ఎరుగుదును. పెట్టిందంటే లోపల భయంతో వణికిపోతోందన్నమాట.

మబ్బులోకి

పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. జూన్ కదా, అక్కడ రాత్రి పదిన్నర దాకా వెలుగే. బావగారి భుజాన సంచి. అందులో నీళ్ళు, చపాతీలు, వానకోటు, నాలిక కింద కొట్టుకునే మందు. దారి మొదలయ్యేది దాదాపు సముద్రమట్టం నుంచే. అంచేత కొండ ఎత్తు ఎంతో మన కాళ్ళూ అంతా ఎక్కవలసిందే, ఘాట్‌రోడ్డు బస్సు సగం పని చేసిపెట్టదు.

దారి మంచిదే, రాళ్ళు పరిచారు. ఈ దారి నడిచేవాళ్ళ కోసం వేసింది కాదు. 1883లో శిఖరం మీద వాతావరణ పరిశోధనశాల కట్టినప్పుడు గుర్రాలమీద సామాను మొయ్యడానికి వేశారు. అంతకు రెండేళ్ళ ముందు, 1881 వేసవి పొడుగునా క్లెమెంట్ వ్రాగ్ అనే ఆయన గాలీ వానా లెక్కచెయ్యకుండా రోజూ కొండెక్కి లెక్కలు రాసుకునేవాడు. క్లెమెంట్ అంటే ఇంగ్లీషులో శాంతమైన వాతావరణం అని కూడా అర్థం వుంది. జనం దానికి ముందు 'ఇన్' తగిలించి ఇన్‌క్లిమెంట్ వ్రాగ్ అన్నారు. ముసురు పట్టిన వ్రాగ్ అని! పరిశోధనశాల 1904లో మూతపడింది, గోడల మొండాలు ఇంకా పైన వున్నాయిట. 1894 సెప్టెంబర్‌లో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త రెండు వారాలు అక్కడ పనిచేస్తూ మబ్బుమీద ఎండపడి ఏర్పడే రంగుల వలయాలు చూసి మైమరిచిపోయాడు. అల్లాంటి మబ్బుని ప్రయోగశాలలో తయారుచేద్దామని కూర్చున్నవాడు చివరికి అణువులోని కణాల జాడలు కనిపెట్టే పరికరం చేశాడు. 1927లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఇవన్నీ బావగారే చెబుతున్నారు నడుస్తూ. మొదటి గంట మాటలు ధారాళంగా వచ్చేయి. రెండో గంటలో వాక్యాలు పొట్టివయ్యాయి. తర్వాత వట్టి చెయ్యి చూపించడమే.

మా పక్కనించి జనం పోతూనే వున్నారు. ఏటా లక్షమందికి పైగా వస్తారు ఈ కొండకి. ఒక గుంపు ఒకే రంగు బనీన్లు వేసుకుని పరుగులాంటి నడకతో దాటిపోయింది. ఇరవైనాలుగు గంటల్లో మూడు దేశాల ఎత్తయిన కొండలు ఎక్కే బాపతు. స్కాట్లండ్‌లో ఇది, ఇంగ్లండ్‌లో 978 మీటర్ల స్కాఫెల్ పైక్, వేల్స్‌లో 1,085 మీటర్ల స్నోడన్. మధ్యలో వ్యానులో కునుకు. ధర్మకార్యాలకి చందాలు పోగుచెయ్యడానికి చేస్తారు, మంచిదే. కాని అర్ధరాత్రి కారు తలుపులు దబదబలాడిస్తారనీ, తొక్కలూ సీసాలూ పారేసి పోతారనీ కొండ కింద వాళ్ళకి కోపం. నాకూ ఆ పద్ధతి నచ్చలేదు. ఇంత దూరం వచ్చి కొండకేసి కాకుండా గడియారం కేసి చూస్తే ఏం లాభం?

ఇంకో రకం వాళ్ళున్నారు. 3,000 అడుగులు దాటిన స్కాట్లండ్ కొండల్ని మన్రోలు అంటారు. 1891లో సర్ హ్యూ మన్రో అచ్చువేసిన జాబితా వల్ల ఆ పేరు. ఇప్పుడు లెక్క 282. అన్నీ ఎక్కేదాకా నిద్రపట్టని వాళ్ళు వేలమంది. పాపం మన్రోగారే 1919లో పోయేనాటికి తన జాబితా పూర్తిచెయ్యలేకపోయారు.

చెరువు వచ్చింది. దాని పేరు నోరు తిరగని గేలిక్ పేరు. అందరూ 'హాఫ్‌వే' చెరువు అంటారు. అది పచ్చి అబద్ధం! ఎత్తు 570 మీటర్లు, అంటే సగం కూడా కాదు. చపాతీలు తిన్నాం. నేను గొంతు సవరించుకుని, "బావగారూ, ఇక్కణ్ణించి వ్యూ అద్భుతంగా వుంది. ఫోటోలు తీసుకుని..." అన్నాను.

"పద" అన్నారాయన, సంచి తగిలించుకుంటూ.

ఏం చేస్తాను? ఒట్టు వుత్త మాటలతో నిలబడేది కాదు. వెనకాల నడిచాను. ఎర్రవాగు దాటాం. అక్కణ్ణించి చెట్టు లేదు, గడ్డి కూడా తగ్గిపోయింది. వంకర టింకర దారి, కాలికింద జారే గులకరాళ్ళు. ఒక్కో మలుపుకీ ఆగుతున్నాం. కిందనించి చూసినప్పుడు కొండ నెత్తిమీద ముద్దుగా కూర్చున్న మబ్బు వుందే, ఇప్పుడు అది మామీదకి దిగడం మొదలెట్టింది. ముందు ఎండ పోయింది. తర్వాత పక్క కొండ పోయింది. తర్వాత నాకు పది గజాల ముందున్న బావగారి ఎర్ర కోటు మాసిపోయి గులాబీరంగు అయింది. చలి. గాలి చెవుల్లో హోరు. చేతులు జేబుల్లోంచి తియ్యలేకపోయాను.

ఆయన పెదాల రంగు నాకు నచ్చలేదు.

"ఇంకెంత? గంటన్నర" అన్నారు.

"బావగారూ..."

"గంటన్నర, అంతే."

అప్పుడు మబ్బులోంచి ఒక కుక్క వచ్చింది, నలుపూ తెలుపూ మచ్చలది. దాని వెనక ఒక ముసలామె. డెబ్బై దాటి వుంటాయి. కర్ర వుంది, నడకలో తొందర లేదు. వూళ్ళో మనిషేనని మాటనిబట్టి తెలిసింది. మమ్మల్ని చూసి ఆగి, పైన ఏమీ కనపడటం లేదని చెప్పింది. దిక్సూచి వుందా అని అడిగింది. నేను ఫోను చూపించాను. ఆమె ఫోనుకేసి, నా ముఖంకేసి చూసింది. శిఖరం వెడల్పయిన బల్లలాగా వుంటుందిట. ఒకవేపు కొండ అంచు నిట్టనిలువుగా కిందకి తెగిపోయింది. ఇంకోవేపు దారనుకుని దిగితే 'అయిదువేళ్ళ లోయ' అనే చోట పడతారు. మబ్బులో తిరిగొచ్చేటప్పుడు దిక్కు తప్పి అక్కడ పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళని వెతకడానికి వెళ్ళేది జీతాలు తీసుకునేవాళ్ళు కాదు, ఈ వూళ్ళో వాళ్ళే, స్వచ్ఛందంగా, పైసా పుచ్చుకోకుండా.

"మీరు పైదాకా వెళ్ళొస్తున్నారా?" అని బావగారు అడిగారు.

లేదంది ఆమె. తాను కూడా ఇవాళ కాస్త పైనుంచే వెనక్కి తిరిగిందిట. "గాలి నచ్చలేదు" అంది, మనం కూరగాయల బజారులో వంకాయలు నచ్చలేదన్నట్టు. కుక్కకి ఈల వేసి దిగిపోయింది. మాకు దిగమని ఒక్కమాట చెప్పలేదు.

బావగారు ఒక రాతిమీద కూర్చున్నారు. నేను నిలబడే వున్నాను. ఆయన ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టి, గడియారం చూసుకుంటూ తన నాడి తానే లెక్కపెట్టుకున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఎన్ని వేలమందిని అల్లా చూసి వుంటారో! నిమిషం నిండా లెక్కపెట్టారు. మధ్యలో గాలి ఒకసారి ఆగింది. అప్పుడు ఆయన వూపిరి నాకు వినపడింది.

"పేషెంటయితే కిందకి దిగమని చెబుతాను" అన్నారు.

నేనేమీ అనలేదు. ఆయన లేచి సంచి సర్దుకుని పైకి ఒకసారి చూశారు. చూడ్డానికి అక్కడ తెలుపు తప్ప ఏమీ లేదు. "సరే, పద" అన్నారు. ఈసారి కిందకి.

ఎక్కడం కంటే దిగడమే కష్టమని నాకెవరూ చెప్పలేదు! చెరువు చేరేలోపలే నా కుడి మోకాలు మొరాయించింది. ఇంకో అరగంటకి ఎడమది దానికి వత్తాసు పలికింది. ఆఖరికి బావగారు తన కర్ర నాకిచ్చి, నా సంచి కూడా తానే పుచ్చుకుని, ముందు నడుస్తూ కాలు ఎక్కడ వెయ్యాలో చూపిస్తూ దింపేరు. కాపలాకి వెళ్ళినవాడి బతుకు అల్లా అయింది. ఇంక దాచి లాభంలేదని, చెరువుదాకానే తీసుకెళ్ళమని అక్క ఒట్టు పెట్టిన సంగతి చెప్పేశాను.

ఆయన ఆగి నవ్వేరు. "నాకూ పెట్టింది. తమ్ముడి మోకాళ్ళు అంతంతమాత్రం, వాడు తూలితే చాలు వెనక్కి తీసుకొచ్చెయ్యండి, నామీద ఒట్టు అని."

ఆవుకొండ

తర్వాతి రెండ్రోజులు నేను మెట్లు కూడా పక్కవాటంగా దిగాను. ఆ రెండ్రోజుల్లో కూర్చుని చూసేవి చూశాం. గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానుల వంతెనమీద పొగబండి పోతూంటే గట్టుమీద మూడువందల మంది కెమేరాలు ఎత్తారు. 1901 నాటికి పూర్తయిన కాంక్రీటు వంతెన అది. హ్యారీ పోటర్ సినిమాల పుణ్యమా అని ఇప్పుడు సూపర్‌స్టార్! బండి దాటడానికి ఒక నిమిషం పట్టిందేమో. జనం కార్లు బయటికి తీసుకోడానికి ముప్పావుగంట.

వెళ్ళిపోయే ముందురోజు పొద్దున్న అక్కే ముందు తయారైంది. చీరమీద బావగారి పాత స్వెట్టరు, కాళ్ళకి బూట్లు. ఫోర్ట్ విలియం వెనకాలే కౌ హిల్ అని చిన్న కొండ వుంది, 287 మీటర్లు. పూర్వం వూళ్ళోవాళ్ళు ఆవుల్ని మేపేవారుట, అంచేత ఆవుకొండ. దీనికి రికార్డులు లేవు, బనీన్లు లేవు. కుక్కల్ని తిప్పేవాళ్ళు, తోపుడుబండిలో పిల్లని పడుకోబెట్టుకుని పరుగెత్తే తల్లి, చేతికర్రతో ఒక తాతగారు. ఎవరి స్థలం అని అడిగేవాళ్ళు లేరు. 2003లో చేసిన చట్టం ప్రకారం స్కాట్లండ్‌లో బాధ్యతగా నడిచేవాడికి దాదాపు ఏ కొండమీదయినా, ఏ గట్టుమీదయినా నడిచే హక్కుంది. జమీందారు భూమి అయినా సరే.

గంటలో పైకి చేరాం. ముగ్గురం. నా మోకాళ్ళతో సహా.

ఎదురుగా బెన్ నెవిస్. ఒక్క మబ్బు లేదు! శిఖరం, దానికింద మలుపులు తిరిగిన దారి, దారిమీద చీమల్లా మనుషులు... గోటితో గీసినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. నాకు కడుపు మండిపోయింది. మూడ్రోజుల ముందు ఇల్లా వుంటే ఏం పోయింది దీనికి?

బావగారు కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకుని చాలాసేపు చూశారు. మేం ఎక్కడిదాకా వెళ్ళామో వేలితో అక్కకి చూపించారు. అక్క చూసింది. "అంత పైకా!" అంది. ఆ ఒక్కమాటకి ఆయన ముఖంలో వచ్చిన కళ చూడాలి.

అక్క పులిహోర డబ్బా మూత తీసింది.

"సెప్టెంబర్ మొదటి శనివారం కదా పరుగు పందెం?" అన్నారు బావగారు, కొండమీంచి చూపు తిప్పకుండా. "ఆ వారానికి కూడా ఇల్లు బుక్ చేస్తాను."

"చూడ్డానికేగా?" అంది అక్క.

ఆయన జవాబు చెప్పలేదు. డబ్బా తనవేపు లాక్కుని ఇంకాస్త పులిహోర వడ్డించుకున్నారు.